అక్క సంతకంతో వచ్చిన ఖాళీ బ్లాకులు

మా అక్క చనిపోయాక కూడా నలభై మూడు రోజులపాటు సంతకాలు పెట్టింది. పది నిమిషాలకొకటి. ఈ మాట ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు, చెబితే ముందు నన్ను డాక్టరుకు చూపించమంటారు. ఇందులో దయ్యమేమీ లేదు. దానంతటదే సంతకం పెట్టేలా ఒక కంప్యూటర్‌ను అక్కే తయారుచేసింది. ఆమె పోయాక దాన్ని ఆపాలని ఎవరికీ తట్టలేదు. విషయం ఇంతే. కానీ విషయం తెలిసి ఉండటం వేరు, ఎల్బీనగర్‌లో మా ఇంటి హాల్లో కూర్చుని ఆ సంతకాలు ఒక్కొక్కటే వస్తుంటే చూడటం వేరు.

మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాళ్ళం. మాది నల్లగొండ వైపు పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ మమ్మల్ని తీసుకుని సరూర్‌నగర్‌లో చెరువు దగ్గర కిరాయికి దిగింది. అక్క పెళ్ళి చేసుకోకుండా అమ్మతోనే ఉండిపోయింది. నేను పెళ్ళి చేసుకుని ఎల్బీనగర్ వెళ్ళాను. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద, పాఠం చెప్పడంలో మాత్రం అరవై ఏళ్ళు పెద్ద. సెంటర్ ముందు ఫ్లెక్సీ మారినప్పుడల్లా కొత్త సబ్జెక్టు నేర్చుకుని, దాన్ని చిన్నప్పటి నుంచి తెలిసినట్టు చెప్పేది. ఒక ఏడాది ఫ్లెక్సీ మీద 'బ్లాక్‌చెయిన్, నలభై ఐదు రోజుల్లో' అని పడింది. ఆ మాట సరిగ్గా పలకడానికే మా ఓనరు సారుకు ముప్పై రోజులు పట్టింది. అక్క మాత్రం నెల తిరిగేసరికి క్లాసు కోసం సొంతంగా ఒక చిన్న నెట్‌వర్క్ కట్టేసింది. అందులో నా చెయ్యి కూడా ఉంది, అయితే అది కూరలో కరివేపాకంత.

బ్లాక్‌చెయిన్ సంగతి అక్క చెప్పిన పద్ధతిలోనే చెబుతాను, నాదంటూ ఒక పద్ధతి ఇంకా రాలేదు. ఒక నోటుబుక్కు ఉందనుకోండి. పేజీ తర్వాత పేజీ రాస్తూ పోతారు. పేజీని బ్లాక్ అంటారు. పేజీలో ఏం రాశారో దాన్నిబట్టి లెక్కగట్టిన ఒక వేలిముద్ర ఆ పేజీ తలమీద ఉంటుంది. రాసింది ఒక్క అక్షరం మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ప్రతి పేజీ తన ముందు పేజీ ముద్రను పట్టుకునే మొదలవుతుంది కాబట్టి నడుమ ఎవరూ మాట మార్చలేరు. వేలిముద్రను చూసి లోపల ఏముందో చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఈ నోటుబుక్కు ఒక్కరి దగ్గర కాకుండా నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్ దగ్గరా ఉంటుంది. ఆ కంప్యూటర్లనే నోడ్లు అంటారు.

"నోడ్లన్నీ ఒక్కతీరుగ ఉంటయా?" అని అడిగేది అక్క. "మన ఇండ్లల్ల మనుషులందరు ఒక్కతీరుగ ఉంటరా?"

క్లాసు నవ్వేది. ఆ తర్వాత అక్క మా ఇంటిని తీసుకొచ్చి బోర్డు మీద పెట్టేది. "మా అమ్మ ఉన్నది. నేను పుట్టిన కాడికెల్లి ఇయ్యాల్టి దాంక ఎవరేమన్నరో ఒక్కటి మర్వదు. ఎవరి మాట నమ్మది, అన్నీ తనే చూస్కుంటది. ఫుల్ నోడ్ అంటే అది. ఫలానా రోజు ఎవరి దగ్గర ఏముండె, ఎవరి మొఖం ఎట్లుండె అంటే గది గూడ చెప్పేటిది ఆర్కైవ్ నోడ్. ఇగ లైట్ నోడ్ ఉన్నది. పెండ్లి కార్డు వస్తే పైన పేర్లు చూస్తది, లోపల చదవది. పేజీ తలకాయ ఒక్కటే దాచుకుంటది. గంతకంటే ఎక్కువ కావాల్నంటే ఫుల్ నోడ్‌ను అడుగుతది. ప్రూన్డ్ నోడ్ అని ఇంకొకటి. అది అన్నీ చదువుతది, అన్నీ చెక్ చేస్తది. చేసినంక జాగ లేదని పాత పేజీలు చింపి పడేస్తది. తలకాయలు మాత్రం ఉంచుకుంటది."

"మరి పేజీ పక్కా అని సంతకం పెట్టేటోళ్ళు?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"వాలిడేటర్. బయట పెద్ద నెట్‌వర్కులల్ల వేలమంది ఉంటరు. మన దగ్గర నేనొక్కదాన్నే."

క్లాసులోని కంప్యూటర్ వాలిడేటర్. పది నిమిషాలకొక బ్లాక్ కట్టి, అక్క సంతకం పెట్టి వదిలేది. ఎవరూ ఏమీ రాయకపోతే ఖాళీ బ్లాకే వదిలేది. స్టూడెంట్ల ల్యాప్‌టాపులు ఫుల్ నోడ్లు, ఫోన్లు లైట్ నోడ్లు. మా ఇంట్లో మా ఆయన పాత కంప్యూటర్ ఒకటి పెద్ద డిస్కుతో పడి ఉండేది, అది ఆర్కైవ్ నోడ్ అయింది. అంటే మొత్తం కథకు కాపలా నాది. క్లాసు అయ్యాక చివరి లైను టీచరు రాయడం అక్క పెట్టిన ఆచారం. "ఇయ్యాల ప్రొజెక్టర్ మళ్ళ సతాయించింది" అని రాసేది. "అమ్మ పచ్చిపులుసు చేసింది, నీకు లేదు" అని రాసేది. పొద్దున్నే నేను ఇంటి నుంచి దానికి జవాబు రాసేదాన్ని. రాసింది చెరపరాదని స్టూడెంట్లకు చెప్పడానికే ఇదంతా అనేది అక్క. నాకు మాత్రం అక్క లైను చదవందే టీ దిగేది కాదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్యాకల్టీ ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు మారడం రోజూ ఉండేదే. కానీ ఒక కట్టుబాటు ఉంది. నడుస్తున్న బ్యాచ్‌ను పూర్తిచేసి పోవాలి. మధ్యలో పోవడమే తప్పు, పోతూ పోతూ బ్యాచ్‌ను వెంట తీసుకుపోవడం అంతకంటే తప్పు. నేను రెండూ చేశాను. అమ్మకు కంటి ఆపరేషన్ అని అక్క వారం రోజులు రాలేదు. ఆ వారంలో రోడ్డుకు అవతలి వైపున్న సెంటర్ వాళ్ళు నన్ను పిలిచారు. అక్కడ నన్ను 'మేడం చెల్లె' అనరు, 'మేడం' అంటారు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. అక్క మంచిది కాకపోయుంటే వదిలిపోవడం తేలికయ్యేది, ఆమె మంచితనమే నాకు ఒళ్ళుమంటగా ఉండేది. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. సోమవారం అక్క వచ్చేసరికి ప్రొజెక్టర్ వెలుగుతోంది, నలభై కుర్చీల్లో ఇద్దరున్నారట.

అక్క ఫోన్ చేసింది. "బ్యాచ్‌ను గుంజుకపోయినవ్, సరే. నాకొక్క మాట చెప్పకపోతివి. ఇగ నువ్వు నాకు లేవు, నేను నీకు లేను."

"సరే తియ్," అన్నాను. నేను అక్కతో ఆమెకు వినబడేలా మాట్లాడిన చివరి మాట అది.

రెండు వారాలకు ఒక మధ్యాహ్నం ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అక్క పాత లైన్లన్నీ అందులో ఉన్నాయి. పచ్చిపులుసు లైను కంటబడితే కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోడ్‌ను పూర్తిగా తెంపేయడానికి చెయ్యి రాలేదు, మొత్తం ఉంచుకోవడానికి మనసు ఒప్పలేదు. మధ్యేమార్గంగా ప్రూన్డ్ నోడ్‌గా మార్చేశాను. చివరి ముప్పై రోజుల బ్లాకులే ఉంచు, అంతకు ముందువి తీసెయ్యి అని సెట్టింగ్ పెట్టాను. మా ఆయన అడిగితే డిస్కులో జాగా లేదని చెప్పాను. సగానికి సగం ఖాళీగా ఉంది. స్టూడెంట్ల దగ్గర ఫుల్ నోడ్లు ఉన్నాయి కదా, కథ ఎక్కడికి పోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత లోపల ఏం వస్తోందో చూడటం మానేశాను.

పది నెలలు అట్లా గడిచాయి. ఇద్దరి సెంటర్లకూ ఒకటే మెట్రో స్టేషన్. ఆమె సెంటర్ వైపు మెట్లు అటు, నా సెంటర్ వైపు మెట్లు ఇటు. సాయంత్రం పైనుంచి చూస్తే బట్టల షాపులు, బ్యాగుల బండ్ల మధ్య నుంచి నడిచిపోతూ కనబడేది. కుడి భుజం మీద ల్యాప్‌టాప్ బ్యాగు, అటే వంగిన నడక. ఆమె ఆటో ఎక్కేదాకా స్తంభం చాటున నిలబడేదాన్ని. చిన్నపిల్లలాగా దాక్కోవడమేంటి, సిగ్గులేదా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ దాక్కునేదాన్ని. అమ్మ ఫోన్‌లో "మీ ఇద్దరి నడుమ నన్ను సంపుతున్నరు బిడ్డా" అనేది. ముందు దాన్ని మాట్లాడమను, తర్వాత నేను మాట్లాడతా అనేదాన్ని. అక్క కూడా అమ్మకు ఇదే జవాబు చెప్పేదట.

వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు, డెంగీ అని తేలింది. మూడో రోజున అమ్మ ఫోన్ చేసింది. నేను దవాఖానకు పోయేసరికి అక్క నోట్లో గొట్టం ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి. ఆరు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పోనిచ్చారు. పోయిన ప్రతిసారీ చెవి దగ్గర నోరు పెట్టి తప్పు నాదే అక్కా అని చెప్పాను. విందో లేదో తెలియదు. ఏడో రోజు పొద్దున పోయింది.

పదకొండు రోజులు సరూర్‌నగర్‌లో అమ్మ దగ్గరే ఉండి, పన్నెండో రోజు ఎల్బీనగర్ వచ్చాను. హాల్లో ఆ పాత కంప్యూటర్ డబ్బా మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. మానిటర్ ఆన్ చేశాను. బ్లాకుల నంబరు పెరుగుతోంది. నేను చూస్తుండగానే ఒక కొత్త బ్లాక్ వచ్చింది. లోపల ఖాళీ. కింద అక్క సంతకం. నా నోడ్ ఆ సంతకాన్ని పరీక్షించి సరిగ్గానే ఉందని చెప్పింది. పది నిమిషాలకు ఇంకొకటి వచ్చింది. అదీ సరిగ్గానే ఉంది.

అక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క గదికి తాళం వేసి ఉందని, లోపల కంప్యూటర్ మాత్రం నడుస్తోందని నాకు అర్థమైంది. ఆ సెంటర్‌కు ఒక ఫోన్ కొడితే ఆపేసేవాళ్ళు. నేను కొట్టలేదు. పనికి సెలవు పెట్టి ఆ డబ్బా ముందే కూర్చున్నాను. ఒక బ్లాక్ రాగానే బియ్యం కడిగేదాన్ని, తర్వాతి బ్లాక్‌కు కుక్కర్ పెట్టేదాన్ని. ఎప్పుడైనా నెట్ నెమ్మదించి ఒక నిమిషం ఆలస్యమైతే లేచి వైర్లు కదిలించి చూసేదాన్ని. వచ్చిందా అంటే, హమ్మయ్య, ఉంది అనుకునేదాన్ని. ఉంది అనే మాటే అనుకునేదాన్ని. దవాఖానలో ఉన్న ఆరు రోజులకంటే అప్పుడే అక్క నా దగ్గర ఎక్కువసేపు ఉన్నట్టనిపించేది.

మా ఆయన చూసి చూసి ఒకరోజు అన్నాడు. "గా డబ్బ బంద్ చెయ్యరాదు. పరేషాన్ అయితున్నవ్."

"దాని జోలికి వస్తే మర్యాద ఉండదు," అన్నాను. పాపం, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అక్క పోయిన నలభై మూడో రోజు మధ్యాహ్నం రెండూ నలభైకి ఒక బ్లాక్ వచ్చింది. రెండూ యాభైకి రాలేదు. మూడింటికి రాలేదు. వైర్లు చూశాను, నెట్ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగున్నర దాకా కూర్చుని అప్పుడు ఏడ్చాను. దవాఖానలో కూడా అంత ఏడవలేదు. పక్క ఫ్లాటు ఆవిడ తలుపు కొట్టి ఏమైందని అడిగింది. మా అక్క చనిపోయిందని చెప్పాను. ఆవిడ నెల కింద పరామర్శకు వచ్చి వెళ్ళిన మనిషే.

మర్నాడు అక్క సెంటర్‌కు వెళ్ళాను. ఆఫీసు చూసుకునే పెద్దాయన నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. "నిన్ననే మేడం, సారు ఆ రూం అకౌంట్స్ బ్యాచ్‌కు ఇచ్చిండు. కంప్యూటర్ మొత్తం తుడిచి వాళ్ళకే ఇచ్చినం," అన్నాడు. అక్క సొరుగులో మిగిలిన మార్కర్లు, ఒక దువ్వెన, స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత జ్ఞాపకం వచ్చినట్టు అన్నాడు. "మేడం రోజు క్లాసు అయినంక దాంట్ల ఒక లైను రాసేది. ఏం రాస్తున్నవ్ బిడ్డా అని నేనే అడిగిన ఒకసారి. మా చెల్లె సంగతి అన్నది. మీ ఇంటికి పోతదట గద అది. మీకు అందే ఉంటది."

అందింది అని చెప్పాను. అబద్ధం కూడా కాదు.

ఇంటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. జ్వరం వచ్చే ముందు రోజు అక్క చివరిసారి క్లాసుకు వెళ్ళింది. పోయింది ఆ తర్వాత తొమ్మిది రోజులకు. నేను మానిటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టిన రోజు ఆమె చివరి తొమ్మిది రోజుల లైన్లు అదే డిస్కులో, అదే గదిలో, నా మోకాలి పక్కన ఉన్నాయి. ముప్పై రోజులవే ఉంచమని నేనే చెప్పాను కదా. కొత్త బ్లాక్ ఒకటి వచ్చిన ప్రతిసారీ పాతది ఒకటి బయటకు పోయింది. నేను ఉంది, ఉంది అనుకుంటూ చూసిన ప్రతి ఖాళీ సంతకమూ ఆమె రాసినవాటిని వెనక నుంచి తోసేసింది. మొదటి వారంలో ఎప్పుడైనా ఆపేసి ఉంటే కొన్నైనా మిగిలేవి. తొమ్మిది రోజుల్లో అన్నీ పోయాయి. దానికి ముందు పది నెలలవి ఎప్పుడో పోయాయి. ఒక్కో లైనూ నా ఇంటికి వచ్చి, నా నోడ్ చేత పరీక్ష చేయించుకుని, నెల రోజులు ఆగి, నేను చదవకుండానే వెళ్ళిపోయింది.

నాకు ఒక్కటే తెలియాలి. నువ్వు నాకు లేవు అన్నమాట మీద అక్క చివరిదాకా ఉందా, లేదా.

పాత స్టూడెంట్లందరికీ ఫోన్ చేశాను. ఒకరు ల్యాప్‌టాప్ అమ్మేశారు, ఒకరు తుడిచేశారు, చాలామంది కోర్సు అయిపోగానే తీసేశారు. "మీ దగ్గర మొత్తం ఉంటుంది కదా మేడం, మా దగ్గర ఎందుకని తీసేశాం," అన్నారు అందరూ. నేను వాళ్ళ దగ్గర ఉంటుందనుకున్నాను, వాళ్ళు నా దగ్గర ఉంటుందనుకున్నారు. ఫోన్లలో మిగిలిన లైట్ నోడ్లలో తలకాయలే ఉన్నాయి. అవి నా దగ్గరా ఉన్నాయి.

ఆ తలకాయలే ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ బ్లాకులన్నిటికీ వేలిముద్ర ఒకటే. నేను అక్క సెంటర్ వదిలినప్పటి నుంచి చూస్తే, ఆదివారాలు తప్ప రోజూ సాయంత్రం ఒక బ్లాక్‌కు మాత్రం వేరే ముద్ర ఉంది. అదే అక్క లైను. దాదాపు రెండొందల యాభై ఉన్నాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి చూశాను. ఆ ముద్రలన్నీ ఒకటే. బయటి నెట్‌వర్కుల్లో అట్లా జరగదు. మేము పాఠం కోసం కట్టుకున్నది కాబట్టి, తేదీ, సంతకం, ముందు పేజీ ముద్ర ఏవీ కలపకుండా లోపలి వాక్యం ఒక్కదానికే ముద్ర లెక్కగట్టేలా పెట్టాం. అంటే అక్క పది నెలలపాటు రోజూ ఒకే వాక్యం రాసింది. చిట్టచివరి రోజు ఒక్కటే ముద్ర మారింది.

ఏ వాక్యమో ఊహించి రాస్తే, దాని ముద్ర లెక్కగట్టి, సరిపోయిందో లేదో చెప్పే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. క్లాసుకూ క్లాసుకూ మధ్య స్టాఫ్‌రూంలో కూర్చుని టైప్ చేసేదాన్ని. మొదట 'నువ్వు నాకు లేవు' అని కొట్టాను. సరిపోలేదు. కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత తిట్లు కొట్టాను. దొంగ, మోసగత్తె, ముఖం చూపించకు. అక్క నోట ఎప్పుడూ రాని మాటలు కూడా కొట్టాను. ఏవీ కావు. తర్వాత నాకు కావలసినవి కొట్టాను. చెల్లె ఇంటికి రా. పోనీ తియ్. అమ్మ పచ్చిపులుసు చేసింది. అవీ కావు. నెలలపాటు అదే పని. ఒకరోజు క్లాసులో నోడ్ల గురించి చెబుతూ మా అమ్మ ఉన్నది అని మొదలుపెట్టాను. అక్క ఆగినచోట ఆగాను, స్టూడెంట్లు అక్కకు నవ్వినచోటే నాకు నవ్వారు. మిగతా పాఠం చెప్పలేక ఐదు నిమిషాలు బ్రేక్ ఇచ్చాను.

చివరికి ఆ సెంటర్ పెద్దాయనే మళ్ళీ దారి చూపించాడు. నేను వచ్చేశాక చేరిన ఒకామె, కోర్సు మీద కోర్సు చేరి చివరిదాకా అక్క క్లాసులో ఉన్నామె, నాగోల్‌లో ఉంటుందని నంబరు ఇచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ముప్పై ఏళ్ళుంటాయేమో. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"మీరు మేడంగారికి సొంత చెల్లెలా అండీ? ఆవిడెప్పుడూ చెప్పలేదే," అంది. తన దగ్గర ఫోన్‌లో లైట్ నోడే ఉండేదని, లోపలివేమీ మిగల్లేదని ముందే చెప్పేసింది.

"క్లాసు అయ్యాక మా అక్క ఏదో రాసేదట. మీరు చూశారా?"

"చూడకేమండీ. మెట్రోలో రద్దీ తగ్గేదాకా నేను అక్కడే కూర్చునేదాన్ని. ఆవిడ ప్రొజెక్టర్ ఆపకుండానే టైప్ చేసేవారు. గోడ నిండా అక్షరాలు కనిపించేవి. రెండే మాటలండి. 'చెల్లె రాలేదు.' రోజూ అదే. చివరి క్లాసు రోజు మాత్రం వానని నేను ముందే వెళ్ళిపోయానండి."

ఆమె చెప్పుకుంటూ పోయింది. "ఎవరో స్టూడెంట్ ముద్దుపేరేమో అనుకున్నానండి. ఇన్ని నెలలు రానివాళ్ళ పేరు కొట్టేయొచ్చు కదా మేడం అని ఒకసారి అడిగాను కూడా. 'కొట్టేస్తే మళ్ళ వచ్చిననాడు ఏడ రాయాలె' అన్నారు."

కాఫీ తాగానో లేదో గుర్తులేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే టైప్ చేశాను. చెల్లె రాలేదు. ముద్ర సరిపోయింది. ఆ ఒక్క సరిపోవడంతో రెండొందల యాభై సాయంత్రాలు ఒకేసారి తెరుచుకున్నాయి. నేను స్తంభం చాటున దాక్కున్న రోజులు, ముందు దాన్ని మాట్లాడమను అని అమ్మతో అన్న రోజులు, పండగలకు వెళ్ళని రోజులు, అన్నిటికీ అక్క గైర్హాజరు వేసి పెట్టింది. పేరు మాత్రం కొట్టేయలేదు.

ఇక చివరిది మిగిలింది. దాని ముద్ర వేరు. ఆ తేదీ ఎన్నేళ్ళ తర్వాతైనా నేను మర్చిపోయేది కాదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆ రోజు వానకు మా సెంటర్లో కరెంటు పోయి క్లాసు ఆగిపోయింది. ఏ బుద్ధి పుట్టిందో, రోడ్డు దాటి అక్క సెంటర్ మెట్లు ఎక్కాను. రెండో అంతస్తులో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆరేడుగురే ఉన్నట్టున్నారు. అక్క గొంతు వినబడుతోంది, కాస్త బొంగురుపోయి ఉంది. విప్పిన చెప్పుల పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. పోయి ముందు బెంచీలో కూర్చుంటే చాలు, మాట్లాడాల్సిన పని కూడా లేదు అనుకున్నాను. పదిహేను నిమిషాలు అట్లాగే అనుకుంటూ నిలబడ్డాను. అంతమంది ముందు ఏమంటుందోనని భయం వేసింది. చప్పుడు కాకుండా దిగి వచ్చేశాను. అక్క ఒక్కసారి కూడా తలుపు వైపు తిరగలేదు.

తిరగలేదనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టాను. 'చెల్లె వచ్చింది.' ముద్ర సరిపోయింది.

అక్క నన్ను చూసింది. పిలవలేదు. నా అంతట నేనే లోపలికి వస్తానని క్లాసు అయ్యేదాకా ఆగి ఉంటుంది. అప్పటికి నేను మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వచ్చేశాను. గుమ్మం దాటకపోయినా నాకు హాజరు వేసి, మర్నాడు జ్వరంతో పడుకుంది.